థీమ్ పార్కుకు వచ్చేవాళ్లకు డిజిటల్ తోడు ఎలా తయారుచేయాలి?

థీమ్ పార్కుకు యాప్ కావాలంటే చాలా టీములు ముందు మ్యాపు గీస్తాయి, తర్వాత టికెట్ల పేజీ పెడతాయి, ఆఖర్న ఓ మూల చాట్‌బాట్ అతికిస్తాయి. అది పనికి రాదని కాదు, కానీ దాన్ని తోడు అనలేం. తోడంటే వెంట నడవాలి, మన అవసరం పసిగట్టాలి, పని లేనప్పుడు ఊరుకోవాలి. అలాంటిదాన్ని మొదటి నుంచి ఎలా కట్టుకు రావాలో ఇక్కడ వరసగా చెబుతాను. మీరు డిజైనరైనా, ప్రోగ్రామరైనా, పార్కు తరఫున ఈ పని చూసేవారైనా ఈ వరస మీకు సరిపోతుంది.

ఒక్క విషయం ముందే ఒప్పేసుకుందాం. పార్కుకు ఎవరూ ఫోను చూడ్డానికి రారు. మీ తోడు చెప్పాల్సింది చెప్పాక, జనం ఎంత త్వరగా ఫోను జేబులో పెట్టి తలెత్తి చుట్టూ చూశారన్నదే దానికి అసలు పరీక్ష. కింద చెప్పే నిర్ణయాలన్నీ ఇందులోంచే పుట్టాయి.

ముందు సమాచార కౌంటరు పక్కన నిలబడండి

కంప్యూటర్ తెరవకముందే ఒక రద్దీ రోజు, ఒక ఖాళీ రోజు చూసుకుని పార్కులోని సమాచార కౌంటరు దగ్గర నిలబడండి. జనం అడిగే ప్రతి ప్రశ్ననీ వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "టాయిలెట్ ఎటు?", "మా బాబు దీన్ని ఎక్కొచ్చా?", "ఇంకా ఎంతసేపు పడుతుందండీ?", "షో ఎన్నింటికి?", "మావాళ్లు ఎటు పోయారో కనబడట్లేదు". ప్రశ్నతో పాటు టైము, అడిగినవాళ్లతో ఎంతమంది ఉన్నారు, వాళ్ల చేతుల్లో ఏముంది అన్నవి కూడా రాయండి.

చేతుల సంగతి చిన్నదేం కాదు. ఒక చేతిలో పిల్లవాడో, సంచో, నీళ్ల సీసానో ఉంటుంది. ఫోను మిగతా చేతిలో ఉంటుంది. అంటే మీ తోడు మొత్తం ఒక్క బొటనవేలితో నడవాలి. ముఖ్యమైన బటన్లు స్క్రీన్ కింది భాగంలో ఉండాలి. టైప్ చేయాల్సిన పని ఎంత తగ్గితే అంత మంచిది.

ఇంకొకటి కూడా అక్కడే కనిపిస్తుంది. ఐదుగురు వస్తే ఫోను తీసేది ఒక్కరే. మిగతా నలుగురూ ఆయన్నో ఆవిడనో అడుగుతూ ఉంటారు. కాబట్టి మీ తోడు మాట్లాడేది ఒక మనిషితో కాదు, ఒక గుంపుతో. మొదట్లో అడిగే ప్రశ్నలు కూడా గుంపు గురించే ఉండాలి: ఎంతమంది వచ్చారు, అందరిలోకి పొట్టివాళ్ల ఎత్తు ఎంత, మెట్లు ఎక్కలేనివాళ్లు ఉన్నారా, పెద్ద శబ్దాలన్నా ఎత్తన్నా భయం ఉన్నవాళ్లు ఉన్నారా. నాలుగు చాలు. అవి కూడా దాటేయడానికి వీలుండాలి. వయసు అడక్కండి. ఎక్కువ రైడ్లలో నిబంధన ఎత్తు మీదే ఉంటుంది, పైగా వయసు అడగకపోతే తర్వాత వచ్చే చట్టపరమైన చిక్కులు సగం తగ్గుతాయి.

రోజుకు ఒక నడక ఉంది, దాన్ని పట్టుకోండి

గేటు దగ్గర అందరికీ తొందర. మొదటి రైడ్ అయ్యాక ఉత్సాహం. మధ్యాహ్నం ఎండ, ఆకలి, పిల్లల చిరాకు. సాయంత్రం షో కోసం చోటు వెతుకులాట. చివర్న బండి ఎక్కడ పార్క్ చేశామన్న టెన్షన్. ఒక పెద్ద కాగితం మీద ఈ గంటలన్నీ గీసి, ఒక్కోదాని కింద రెండు గడులు పెట్టండి: తోడు ఇప్పుడు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు. రెండో గడి నింపడానికే ఎక్కువ టైము తీసుకోండి. గేటు దాటుతున్నవాళ్లకు స్వాగత వీడియో అక్కర్లేదు, కుడికి వెళ్లాలా ఎడమకా అన్నది కావాలి. మధ్యాహ్నం రెండింటికి కొత్త ఆట మొదలుపెట్టమంటే ఎవరికీ ఓపిక ఉండదు. దగ్గర్లో నీడ ఎక్కడుంది, కూర్చోవడానికి చోటెక్కడుంది, ఏసీ ఉన్న షో ఎప్పుడుంది అని చెబితే చెయ్యెత్తి దండం పెడతారు.

పాత్రకు ఒకే ఒక్క కోరిక ఇవ్వండి

నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ పార్కులో 1959 నుంచి ఒక చెత్తబుట్ట ఉంది. పేరు హోలె బొలె గైస్. పెద్ద నోరు తెరుచుకున్న లావుపాటి మనిషి బొమ్మ అది. కాగితం ఇటు వేయండని అడుగుతుంది, వేస్తే థాంక్స్ చెబుతుంది. అంతే దాని తెలివి. పిల్లలు దానికి పెట్టడానికి చెత్త వెతుక్కుంటూ తిరుగుతారు. స్క్రీన్ లేదు, మెనూ లేదు, అయినా ఇన్ని దశాబ్దాలుగా అది పిల్లలతో మాట్లాడుతూనే ఉంది. దాని బలమంతా ఎక్కడుందంటే, దానికి ఒకే కోరిక ఉంది, అది వెంటనే అర్థమవుతుంది, తీర్చడం తేలిక.

మీ తోడు ఏ పాత్రగా మాట్లాడుతుందో ఆ పాత్రకు కూడా ఒక పేజీ మించకుండా జాతకం రాయండి. అది ఎవరు, దానికి ఏం కావాలి, ఏం తెలుసు, ఏం తెలియదు. పార్కులో దాచిన సంగతులను మీకు చూపించాలని తహతహలాడే పాత పనివాడు అనుకోవచ్చు, దారి తప్పిన పక్షి అనుకోవచ్చు. ఏదైనా సరే, దాని మాటలు రెండు వాక్యాలు దాటకూడదు. "మీరు" అనాలా "నువ్వు" అనాలా అన్నది మొదటే తేల్చి, చివరిదాకా అదే పాటించండి. గుంపుతో మాట్లాడుతోంది కాబట్టి నా ఓటు "మీరు"కే.

హాస్యం పెట్టండి, కానీ ఎక్కడ ఆగాలో కూడా రాసిపెట్టండి. రైడ్ ఆగిపోయినప్పుడు, ఎవరైనా తప్పిపోయినప్పుడు, ఒంట్లో బాగోలేదన్నప్పుడు పాత్ర పక్కకు తప్పుకోవాలి, మామూలు స్పష్టమైన మాటలు రావాలి. "నువ్వు మనిషివా?" అని అడిగితే కాదని నేరుగా చెప్పాలి.

దాని వెనక ఒక మనిషి ఉండటం మాత్రం తప్పు కాదు, చాలాసార్లు అదే మేలు. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్‌కాట్ 1982లో తెరుచుకున్నప్పుడే అక్కడ వరల్డ్‌కీ అనే టచ్‌స్క్రీన్లు ఉండేవి. వాటిని తాకి సమాచారం చూడొచ్చు, కావాలంటే వీడియోలో సిబ్బందితో మాట్లాడి రెస్టారెంట్ బుక్ చేసుకోవచ్చు. అదే పార్కులో 2004 నుంచి తెర మీద ఒక తాబేలు పిల్లల ప్రశ్నలకు అప్పటికప్పుడు జవాబులు చెబుతోంది. దాని వెనక ఓ కళాకారుడు కూర్చుని మాట్లాడతాడు. మీ తోడుకు కూడా ఎక్కడ నుంచైనా ఒక్క నొక్కుతో మనిషి దగ్గరకు చేరే దారి ఉండాలి. ఏడు మెనూలు దాటాక ఉన్నా లేనట్టే.

తెలిసిన సంగతులన్నీ ఒకే చోట

ఇది కష్టం లేని పని, కానీ ఎవరూ ఇష్టంగా చేయరు. రైడ్ల పేర్లు, ఎత్తు పరిమితులు, షో వేళలు, టాయిలెట్లు, మెట్లు లేని దారులు అన్నీ ఒకే డేటాబేస్‌లో ఉండాలి. బోర్డులు, వెబ్‌సైట్, తోడు మూడూ అక్కడి నుంచే తీసుకోవాలి. ప్రతి సమాచారానికీ ఒక సొంతదారు ఉండాలి, అంటే అది మారితే ఎవరు మార్చాలో పేరుతో సహా తెలియాలి.

ఇప్పుడు చాలామంది సంభాషణకు ఏఐ లాంగ్వేజ్ మోడల్ పెడుతున్నారు. పెట్టండి, తప్పులేదు. జనం ప్రశ్నను ఎన్ని రకాలుగా అడిగినా అది అర్థం చేసుకుంటుంది. కానీ తనకు తెలియనిది కూడా నమ్మకంగా చెప్పేస్తుంది, అదే ప్రమాదం. అందుకే గీత గట్టిగా గీయాలి. ఎత్తు, ఆరోగ్య హెచ్చరికలు, అలర్జీలు, అత్యవసర దారులు: వీటికి జవాబు మోడల్ తయారుచేయకూడదు. ప్రశ్న ఏ రకమో గుర్తించడం వరకే దాని పని. జవాబు డేటాబేస్‌లో ఉన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు చూపించాలి. "మా పాప 118 సెంటీమీటర్లు, ఎక్కొచ్చా?" అని ఒక తల్లి అడిగితే తోడు "ఈ రైడ్‌కు కనీసం 120 సెంటీమీటర్లు ఉండాలి. పాప ఇప్పుడు ఎక్కడానికి వీల్లేదు. దగ్గర్లో తను ఎక్కగలిగినవి ఇవి" అనాలి. "కొంచెమే తక్కువ కదా, సిబ్బందిని అడిగి చూడండి" అని అదనపు మంచితనం చూపిస్తే, ఆ పాప క్యూ చివరిదాకా వెళ్లి ఏడుస్తూ వెనక్కి రావాలి.

ఎదురుచూపు లెక్క నిజాయితీగా చెప్పండి

తోడు మీద నమ్మకం నిలిచేదీ పోయేదీ ఇక్కడే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

లెక్క సూత్రం తేలికే. క్యూలో ఉన్న జనాన్ని, గంటకు ఎంతమంది ఎక్కుతున్నారో ఆ సంఖ్యతో భాగిస్తే ఎదురుచూపు వస్తుంది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇదే. గంటకు 1200 మందిని ఎక్కించుకునే రైడ్ ముందు 600 మంది ఉంటే అరగంట. నాలుగు బండ్లలో ఒకటి మరమ్మతుకు పోయిందనుకోండి. గంటకు 900 మందే ఎక్కుతారు, అదే క్యూ 40 నిమిషాలవుతుంది. నాలుగు బండ్లూ తిరుగుతున్నా, సగం సీట్లు ముందుగా బుక్ చేసుకున్నవాళ్లకు పోతే మామూలు క్యూకు గంటకు 600 సీట్లే మిగులుతాయి, అప్పుడు ఏకంగా గంట. క్యూ పొడుగు మాత్రం మూడు సందర్భాల్లోనూ ఒకటే. నిలబడ్డవాళ్ల కంటికి తేడా కనిపించదు, అందుకే కోపం వస్తుంది. డిస్నీ పార్కులు 1999లో ఫాస్ట్‌పాస్ (ముందుగా టైము తీసుకుని వేరే క్యూలో వెళ్లే పద్ధతి) తెచ్చినప్పటి నుంచి ఈ రెండు క్యూల పద్ధతి చాలాచోట్ల మామూలైపోయింది. కాబట్టి మీ లెక్కలో పుస్తకంలో రాసిన సామర్థ్యం పెట్టకండి. గత 15 నిమిషాల్లో ఈ క్యూ నుంచి నిజంగా ఎంతమంది ఎక్కారో ఆ సంఖ్యను గంట లెక్కకు మార్చి పెట్టండి.

లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. క్యూలో చేరేవాళ్లలో అప్పుడప్పుడు ఒకరికి టైము నమోదైన కార్డు ఇస్తారు. రైడ్ ఎక్కేచోట దాన్ని తీసుకుంటారు. రెండు టైముల తేడాయే అసలు ఎదురుచూపు. కెమెరాలు, సెన్సర్లు పెట్టినా రోజుకు కొన్నిసార్లు కార్డుతో సరిచూసుకోండి.

చూపించేటప్పుడు "27 నిమిషాలు" అనకండి. అంత కచ్చితత్వం మీ దగ్గర లేదు. "25 నుంచి 35 నిమిషాలు" అనండి. అంచనా కాస్త పైకే ఉంటే మంచిది, అనుకున్నదానికంటే ముందే ఎక్కినవాళ్లు సంతోషంగా ఎక్కుతారు. అలాగని పది నిమిషాల క్యూకు అరగంట చూపిస్తే మధ్యాహ్నానికల్లా మీ అంకెల్ని ఎవరూ నమ్మరు.

క్యూల మనస్తత్వం గురించి డేవిడ్ మైస్టర్ 1985లో రాసిన విషయాలు ఈ పనిలో ఉన్న ప్రతివాళ్లూ చదవదగ్గవి. ఊరికే నిలబడ్డ టైము, ఏదో చేస్తూ గడిపిన టైముకంటే పొడుగ్గా అనిపిస్తుంది. ఎంతసేపో తెలియని ఎదురుచూపు తెలిసినదానికంటే బరువు. కారణం చెప్పకుండా ఆపితే ఇంకా బరువు. ఒంటరిగా నిలబడటం, నలుగురితో నిలబడటం కంటే కష్టం. మీ తోడు చేయగల మేలు మొత్తం ఈ నాలుగింట్లోనే ఉంది.

ఇక చాలామంది ఆలోచించని చిక్కు ఒకటి. ఒక రైడ్ దగ్గర క్యూ తక్కువుందని మీ తోడు మూడువేల ఫోన్లకు ఒకేసారి చెప్పిందనుకోండి. ఆ రైడ్ గంటకు 600 మందినే ఎక్కించుకుంటే, అందులో ఓ 300 మంది కదిలినా చాలు, క్యూ మీద అరగంట పెరుగుతుంది. సలహా విని చెమటలు కక్కుతూ నడిచి వచ్చినవాళ్లు మోసపోయినట్టు చూస్తారు. కాబట్టి అందరికీ ఒకే సలహా ఇవ్వకండి. దగ్గర్లో ఉన్నవాళ్లకే చెప్పండి. నడిచి చేరేసరికి ఎంత ఉంటుందో అంచనా వేసి చెప్పండి. ఒక్కో రైడ్ వైపు ఇప్పటికే ఎంతమందిని పంపారో లెక్క పెట్టుకుని, ఒక హద్దు దాటాక వేరే రైడ్ సూచించండి. తోడు ఒకే గుంపుకు మేలు చేస్తున్నట్టు కనిపించినా, అది పార్కు మొత్తాన్ని కదిలిస్తోందన్నది మీరు ఎప్పుడూ గుర్తుంచుకోవాలి.

ఎక్కడున్నారో అంచనా వేయడం

ఆరుబయట ఆకాశం బాగా కనిపించేచోట ఫోన్ జీపీఎస్ సుమారు 5 మీటర్ల తేడాతో చెబుతుంది. కట్టడాల పక్కన, చెట్ల కింద, హాలు లోపల ఆ తేడా బాగా పెరుగుతుంది. ఆపిల్ 2013లో ఐబీకన్ తెచ్చాక బ్లూటూత్ బీకన్లు, అంటే దగ్గర్లోని ఫోన్లకు సిగ్నల్ పంపే చిన్న పరికరాలు, వాడటం పెరిగింది. కానీ మనిషి శరీరం ఆ సిగ్నల్‌ను మింగేస్తుంది, అంటే జనం పెరిగేకొద్దీ లెక్క అటూ ఇటూ ఊగుతుంది. అందుకే మ్యాపు మీద చుక్క పెట్టి "మీరు ఇక్కడే ఉన్నారు" అని గొప్పలకు పోకండి. పార్కును ప్రాంతాలుగా విడగొట్టి "మీరు కొలను దగ్గర ఉన్నట్టున్నారు" అనండి. సరిగ్గా తెలియకపోతే దగ్గర్లోని మూడు గుర్తుల ఫొటోలు చూపించి "వీటిలో ఏది కనిపిస్తోంది?" అని అడగండి. ఈ చిన్న ఉపాయం ఖరీదైన సెన్సర్ల కంటే బాగా పనిచేస్తుంది, పైగా తల పైకెత్తిస్తుంది.

ప్రోగ్రామర్లకు రెండు హద్దులు. మనిషి లోపలికి వచ్చారా, బయటికి వెళ్లారా అని ఐఫోన్‌లో ఒక యాప్ ఒకేసారి 20 ప్రాంతాలనే గమనించగలదు, ఆండ్రాయిడ్‌లో 100. ఆండ్రాయిడ్ వాళ్ల సలహా ప్రకారం ఒక్కో ప్రాంతం వ్యాసార్థం కనీసం 100 నుంచి 150 మీటర్లు ఉండాలి. కాబట్టి మనిషి ఉన్నచోటును బట్టి దగ్గరి ప్రాంతాలను మార్చుకుంటూ పోవాలి. ఫలానా తలుపు దగ్గరే ఏదో జరగాలంటే అక్కడ క్యూఆర్ కోడ్ పెట్టండి, దాని కింద టైప్ చేయడానికి చిన్న అంకె కూడా రాయండి. కెమెరా పగిలిన ఫోన్లు చాలానే ఉంటాయి.

నెట్‌వర్క్ ఉండదనే అనుకుని కట్టండి. వేలమంది ఒకేచోట చేరితే టవర్ మీద భారం పెరిగి డేటా పాకుతుంది. మ్యాపు, వేళలు, ఎత్తు పరిమితులు, ఆటలు అన్నీ గేటు దాటకముందే ఫోన్లోకి దిగిపోవాలి. మారే అంకెలు మాత్రమే తర్వాత రావాలి. అవి రాకపోతే పాత అంకెను కొత్తదిలా చూపించకండి, "12 నిమిషాల కిందటి సమాచారం" అని పక్కనే రాయండి. బ్యాటరీ కూడా అంతే. సాయంత్రానికి ఫోను చచ్చిపోతే టికెట్టూ పోతుంది, ఇంటికెళ్లే దారీ పోతుంది. జీపీఎస్‌ను ఎప్పుడూ నడిపించకండి, అడిగినప్పుడే తీసుకోండి.

క్యూలో ఆట: కళ్లు స్క్రీన్ మీద కాదు, గోడ మీద

ఆర్లాండోలోని యూనివర్సల్ పార్కులో 2014 నుంచి మంత్రదండాలతో ఓ ఆట ఉంది. దండం కొన ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వెనక్కి తిప్పి కొడుతుంది, దాగి ఉన్న కెమెరా ఆ కదలికను చదువుతుంది, షాపు కిటికీలో బొమ్మ కదులుతుంది. జపాన్‌లోని యూనివర్సల్ పార్కులో 2021లో తెరిచిన నింటెండో ప్రాంతంలో చేతికి బ్యాండు పెట్టుకుని గోడ మీది పెట్టెలను కొట్టాలి. రెండింట్లోనూ ఫోను తెర పెద్దగా చూడనక్కర్లేదు, బదులిచ్చేది చుట్టూ ఉన్న పార్కే. డిస్నీ 2018లో క్యూల కోసమే ప్రత్యేకంగా ఒక ఆటల యాప్ తెచ్చింది. ఏ దారి పట్టినా మీ దగ్గర అంత డబ్బు లేకపోవచ్చు. సూత్రం మాత్రం ఖర్చు లేకుండానే వాడుకోవచ్చు: జవాబు ఫోన్లో ఉండకూడదు, క్యూ చుట్టూ ఉండాలి.

పడవ రైడ్ క్యూ కోసం ఒక మచ్చుతునక రాసి చూపిస్తాను.

తోడు: "ఎడమ గోడ మీద ఓడల బొమ్మలున్నాయి. ఒకదానికి తెరచాప లేదు. ఎవరు ముందు కనిపెడతారో చూద్దాం."

ఫోను కిందకు దిగుతుంది. అందరూ గోడ వైపు తిరుగుతారు. క్యూ నాలుగడుగులు కదులుతుంది, వెతుకులాట ఆగదు.

పిల్లవాడు: "నాన్నా, అదిగో, జెండా ఉన్నదాని పక్కది!"

నాన్న "దొరికింది" అన్న ఒక్క బటన్ నొక్కుతాడు.

తోడు: "ఆ తెరచాప ఎటు ఎగిరిపోయిందో పడవలో మొదటి మలుపు తిరిగాక కుడివైపు చూడండి."

ఇందులో గమనించండి. చదవడానికి పట్టేది కొన్ని సెకన్లే. వెతికేటప్పుడు ఫోను అవసరమే లేదు. టైమర్ లేదు కాబట్టి క్యూ కదిలినా ఎవరూ ఓడిపోరు. తప్పు జవాబు చెప్పి చిన్నబోయే పని లేదు, ఎందుకంటే తోడు సరిచూడదు, అది వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు. బహుమతి పాయింట్ల రూపంలో రాలేదు, రైడ్‌లోనే దొరికింది. ఆ తెరచాపను నిజంగా ఆ మలుపులో పెట్టించడానికి మీరు సెట్ డిజైనర్లతో కూర్చోవాలి. ఆ మాటలు మొదట్లోనే జరగాలి, పెయింట్ ఆరిపోయాక కాదు.

ఆటలన్నీ సగంలో ఆపినా బాధ లేనివిగా ఉండాలి. శబ్దం లేకుండా కూడా నడవాలి, ఎందుకంటే క్యూలో ఇరవై ఫోన్లు ఒకేసారి మోగితే అది నరకం. క్యూ కదిలేచోట, మెట్ల దగ్గర, రైడ్ ఎక్కేచోట తోడు పూర్తిగా నోరు మూసుకోవాలి. అక్కడ మాట సిబ్బందిదే.

చెడ్డ వార్త చెప్పే పద్ధతి

రైడ్ ఆగిపోతుంది. ఏ పార్కులోనైనా ఆగుతుంది. అప్పుడు "కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా చెప్పండి: "రైడ్ 2:10కి ఆగింది. సిబ్బంది చూస్తున్నారు. ఎప్పుడు మొదలవుతుందో ఇంకా తెలియదు. 2:30కి మళ్లీ చెబుతాను. క్యూలో ఉండొచ్చు. బయటికి వస్తే, పక్కనున్న పడవ రైడ్‌కు ఇప్పుడు 15 నుంచి 20 నిమిషాలు."

ఏం జరిగింది, ఏం తెలియదు, మళ్లీ ఎప్పుడు చెబుతాం, ఇప్పుడు ఏం చేయొచ్చు. నాలుగూ ఉన్నాయి. 2:30కి కొత్త సంగతి ఏమీ లేకపోయినా "ఇంకా తెలియలేదు, 2:45కి చెబుతాను" అని పలకాల్సిందే. మాట తప్పితే ఆ రోజుకు తోడు పని అయిపోయినట్టే. కారణం మాత్రం తోడు సొంతంగా ఊహించకూడదు. రైడ్ నడిపేవాళ్ల చేతిలో నాలుగైదు సిద్ధమైన కారణాలున్న చిన్న స్క్రీన్ పెట్టండి: వాన, పరిశీలన, శుభ్రం చేయడం, సాంకేతిక కారణం. వాళ్లు ఒకటి నొక్కుతారు, అదే వెళుతుంది.

పిల్లలు తప్పిపోయినప్పుడు సంభాషణ ఉండకూడదు. ఏ పేజీలో ఉన్నా ఒకే బటన్, దాన్ని నొక్కగానే కంట్రోల్ రూమ్‌కు కాల్, మీరున్న ప్రాంతం పేరు వాళ్లకు చేరడం, "ఉన్నచోటే ఉండండి, మనిషి వస్తున్నారు" అన్న ఒక్క వాక్యం. ఆ పిల్లల ఫొటోను పార్కులోని ఫోన్లన్నిటికీ పంపే ఆలోచన ఎవరైనా తెస్తే గట్టిగా వద్దనండి. చూసేవాళ్లలో అందరూ మంచివాళ్లే ఉంటారని చెప్పలేం.

నోటిఫికేషన్లకు బడ్జెట్

రోజు మొత్తానికి ఒక చిన్న సంఖ్య పెట్టుకోండి. ఐదు చాలు. వాళ్లు అడిగిన షో గుర్తుచేయడం, వాళ్లున్న క్యూ ఆగిపోవడం, వాతావరణ హెచ్చరిక, మూసే వేళ. అత్యవసరమైనవి ఈ లెక్కలోకి రావు. షాపుల ఆఫర్లకు ఈ బడ్జెట్‌లో చోటివ్వకండి. మార్కెటింగ్ వాళ్లు అడుగుతారు, అడిగేది వాళ్ల పని. ఒక్క అనవసరమైన మోతకు విసిగి జనం నోటిఫికేషన్లు ఆపేస్తే, మెరుపుల వాన హెచ్చరిక కూడా వాళ్లకు చేరదని చూపించండి.

అందరికీ అందాలి

అక్షరాలకు, వెనకరంగుకు మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలన్నది వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం. ఎండలో చదవాలి కాబట్టి మీరు దానికంటే ఎక్కువే పెట్టుకోండి. బటన్ సైజు ఐఫోన్‌లో 44 పాయింట్లు, ఆండ్రాయిడ్‌లో 48 డీపీ (ఇవి తెర మీది సైజు కొలతలు) కంటే తగ్గకూడదు. సెకనుకు మూడుసార్లకు మించి ఏదీ మెరవకూడదు, మూర్ఛ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. గొంతుతో చెప్పేదంతా అక్షరాల్లో కూడా ఉండాలి.

చక్రాల కుర్చీ దారి అంటే మెట్లు లేకపోవడమొక్కటే కాదు. ఏటవాలు ఎంత, దారి గరుకా, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకోవచ్చు అన్నవి కూడా చెప్పాలి. ప్రతి రైడ్‌కూ చీకటి, హఠాత్తు శబ్దం, పొగ, నీళ్లు చిమ్మడం ఉన్నాయా అన్నది ఒక్క వరుసలో రాయండి. శబ్దాన్ని తట్టుకోలేని పిల్లలున్న ఇంటివాళ్లు ముందు వెతికేది ఈ వరుస కోసమే. ఈ వివరాలు ఆఫీసులో కూర్చుని రాయడం కుదరదు. చక్రాల కుర్చీ వాడేవాళ్లతో, సరిగా చూపు లేనివాళ్లతో కలిసి పార్కు మొత్తం తిరగండి, వాళ్ల సమయానికి డబ్బు చెల్లించండి.

పిల్లల డేటా

అమెరికా చట్టం 13 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. యూరప్‌లో ఆ వయసు మామూలుగా 16, దేశాలు దాన్ని 13 వరకు తగ్గించుకోవచ్చు. భారత్‌లో 2023 నాటి డేటా చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. పార్కుకు వచ్చేవాళ్లలో పిల్లలే ఎక్కువ. అన్నిటికీ ఒకే తేలికైన దారి, తీసుకోకపోవడం. అకౌంటు లేకుండా పనిచేయాలి. గుంపు వివరాలు ఫోన్లోనే ఉండాలి. సర్వర్‌కు ఒక అర్థంలేని సంఖ్య మాత్రమే వెళ్లాలి, అది కూడా ఆ రాత్రికి చెరిగిపోవాలి. ఇలా మొదటే నిర్ణయించుకుంటే కట్టడం తేలిక. తర్వాత మార్చాలంటే అంతా విప్పాలి.

కోడ్ రాయకముందే నడిపి చూడండి

ఒక కుటుంబానికి ఫోను ఇచ్చి మామూలు మెసేజ్ యాప్ తెరవండి. అవతల మీ టీములో ఒకరు తోడులా జవాబులివ్వాలి. ఇంకొకరు ఆ కుటుంబం వెనక కాస్త దూరంగా నడుస్తూ రాసుకోవాలి: ఎప్పుడు ఫోను తీశారు, ఎంతసేపు చూశారు, ఏ మెసేజ్‌ను చదవకుండా వదిలేశారు, పిల్లలు ఫోను వైపు చేయి చాపారా లేదా. ఇలా కొన్ని కుటుంబాలతో తిరిగితే మీరు ఎంతో మురిసిపోయిన సగం ఫీచర్లు ఎవరికీ అక్కర్లేదని తేలిపోతుంది. వాటిని నిర్మొహమాటంగా కొట్టేయండి. మండే ఎండలో, వానలో, 20 శాతం బ్యాటరీ ఉన్న పాత ఫోనుతో, చంకలో బిడ్డతో కూడా పరీక్ష చేయండి.

తెరిచిన తర్వాత

పార్కు మొత్తం ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక ప్రాంతంలో, రెండు మూడు రైడ్లతో మొదలుపెట్టి, అక్కడి సిబ్బందికి ముందు నేర్పండి. జనం తోడు చెప్పింది నమ్మాలా వద్దా అని మొదట అడిగేది వాళ్లనే.

యాప్‌లో ఎంతసేపు గడిపారన్న అంకెను రిపోర్టులోంచి తీసేయండి. దాని బదులు మూడు చూడండి: చూపించిన ఎదురుచూపుకూ అసలుకూ తేడా ఎంత, మనిషి కావాలన్నవాళ్లకు ఎంతసేపట్లో మనిషి దొరికారు, తోడు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలేమిటి. ఆ మూడోదాన్ని వారం వారం ప్రింటు తీసి, రైడ్లు నడిపేవాళ్లతో, గేటు సిబ్బందితో, పారిశుద్ధ్య సిబ్బందితో కలిసి చదవండి. ఒకే చోటు నుంచి "టాయిలెట్ ఎటు?" అన్న ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటే తోడుకు ఇంకా మెరుగైన జవాబు నేర్పే పని పెట్టుకోకండి. ఆ మలుపులో ఒక పెద్ద బోర్డు పెట్టించండి.